డోంట్, కాంట్‌లను ముందే విడగొట్టండి
ఇంగ్లీష్ రివ్యూల మీద సెంటిమెంట్ అనాలిసిస్ (రాసినవాళ్లు మెచ్చుకున్నారా, తిట్టారా అని ప్రోగ్రామ్‌తో తేల్చడం) చేసేవాళ్లు చాలామంది మొదటి స్టెప్‌లోనే పంక్చుయేషన్ తీసేస్తారు. దయచేసి అలా చేయకండి. అపాస్ట్రఫీ పోతే ‘వి ఆర్’ అని విడిపోవాల్సిన ‘వియ్‌ర్’ కాస్తా ‘వర్’ అయి కూర్చుంటుంది, అర్థమే మారిపోతుంది.

పంక్చుయేషన్ తీసే ముందే ఇలాంటి పొట్టి రూపాలను విడగొట్టండి. పైథాన్‌లో దీనికి కాంట్రాక్షన్స్ అనే చిన్న లైబ్రరీ ఉంది. పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, దాని ఫిక్స్ ఫంక్షన్‌కి మీ వాక్యం ఇస్తే చాలు, ‘డోంట్’ని ‘డు నాట్’గా, ‘కాంట్’ని ‘కెనాట్’గా మార్చి ఇస్తుంది. వెబ్ నుంచి తెచ్చిన టెక్స్ట్‌లో వంకర అపాస్ట్రఫీలు ఉంటాయి. వాటిని ముందే మామూలు అపాస్ట్రఫీలుగా మార్చుకోవడం మంచిది.

ఇదే ఫంక్షన్ స్లాంగ్‌ని కూడా విస్తరిస్తుంది. అది వద్దనుకుంటే స్లాంగ్ ఆప్షన్‌ని ఫాల్స్‌గా పెట్టండి. మీ డేటాలో మాత్రమే కనిపించే పొట్టి రూపాలుంటే యాడ్ ఫంక్షన్‌తో చేర్చుకోవచ్చు.

అయితే ఇది పట్టిక చూసి మార్చేదే, సందర్భం దానికి తెలియదు. ‘హి హాజ్ గాన్’ అనే అర్థంలో ‘హీజ్ గాన్’ అని రాసినా ‘హి ఈజ్ గాన్’ అనే ఇస్తుంది. సెంటిమెంట్ పనికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. వ్యాకరణం ముఖ్యమైన పనికైతే దీని మీదే ఆధారపడకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. భాషను ప్రాసెస్ చేసే పైథాన్ లైబ్రరీ ఎన్‌ఎల్‌టీకే ఇచ్చే ఇంగ్లీష్ స్టాప్‌వర్డ్స్ (అర్థానికి పెద్దగా పనికిరావని తీసేసే మామూలు పదాలు) జాబితాలో ‘నాట్’ కూడా ఉంది. ఇంత కష్టపడి విడగొట్టిన ‘నాట్’ ఆ తర్వాతి స్టెప్‌లో ఎగిరిపోతే, ‘నాట్ గుడ్’ కాస్తా ‘గుడ్’ అవుతుంది. స్టాప్‌వర్డ్స్ తీసే ముందే ‘నో’, ‘నార్’, ‘నాట్’లను ఆ జాబితా నుంచి తొలగించుకోండి.