యాసను దాచుకోకుండా నిలబడటం: ఆత్మవిశ్వాసం పెంచుకోవాలనుకునే వారికి కొన్ని పద్ధతులు

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో రాత్రిపూట హైదరాబాదు బస్సు కోసం ఎదురుచూసే కుర్రవాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే ఒక సంగతి బోధపడుతుంది. "అమ్మా, బస్సు ఇంకా రాలేదు, నువ్వు తినీసి పడుకో" అని ఇంటికి హాయిగా ఫోను చేసిన పిల్లవాడే, మరుక్షణం నగరంలోని రూమ్మేటు నుంచి ఫోను రాగానే గొంతు సవరించుకొని, ఎక్కడా ఊరి వాసన తగలకుండా ఒక్కో మాటనూ తూచి తూచి పలుకుతాడు. మొదటి ఫోనులో ఉన్న ధీమా రెండో ఫోనులో కనిపించదు.

డిగ్రీ విద్యార్థులకు ఇంటర్వ్యూ సాధన చేయించే పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చే పిల్లల్లో విషయం తెలియనివారు తక్కువ. తమ ఊరు, తమ మాట, తండ్రి చేసే పని బయటపడకుండా చూసుకోవడానికే సగం శక్తి ఖర్చుపెట్టి, మిగిలిన సగంతో జవాబు చెప్పేవారు మాత్రం ఎక్కువ. అందుకే నేను ఆత్మవిశ్వాసం గురించి చెప్పేటప్పుడు అద్దం ముందు నిలబడి "నేను సాధించగలను" అనుకోమని చెప్పను. ముందు దాపరికం తగ్గించుకోమంటాను, ఆ తర్వాత చిన్న చిన్న పనులతో ధైర్యాన్ని కూడబెట్టుకోమంటాను.

ఈ మాట అనుభవంతోనే అంటున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక సమావేశంలో నేను "ఏటండీ?" అని అడిగినందుకు బల్ల చుట్టూ ఉన్నవారు నవ్వారు. వారి నవ్వులో పెద్ద దురుద్దేశం ఉండి ఉండకపోవచ్చు. అయినా ఆ తర్వాత దాదాపు రెండేళ్లు సమావేశాల్లో ప్రశ్న అడగడమే మానేశాను. ఆ రెండేళ్లలో అర్థం కాని విషయాలన్నీ అర్థం కాకుండానే మిగిలిపోయాయి.

ముందుగా ఎక్కడ ముడుచుకుంటున్నామో పట్టుకోవాలి

ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కోండి. వారం రోజులపాటు, చెప్పాలనుకొని మింగేసిన ప్రతి మాటనూ, లేనిది ఉన్నట్టు చెప్పిన ప్రతి సందర్భాన్నీ రాత్రి పడుకునే ముందు ఒక్కో వాక్యంలో రాయండి. ఎవరి ముందు, ఏ చోట, ఏం దాచారన్నంత వరకే రాయాలి తప్ప, "నేను పిరికివాణ్ణి" వంటి తీర్పులు రాయకూడదు. వారం గడిచాక చదువుకుంటే దాపరికాలన్నీ ఒకటి రెండు చోట్లే పోగుపడి ఉంటాయని కనిపిస్తుంది. కొందరికి అది యాస, కొందరికి ఇంటి పరిస్థితి, మరికొందరికి బంధువుల ముందు కాదనలేకపోవడం. అన్నిటినీ ఒకేసారి సరిదిద్దుకోవాలని పూనుకోవద్దు. ఎక్కువసార్లు కనిపించిన ఒక్కదానితో మొదలుపెట్టండి.

నిజం చెప్పడం ఎందుకు తేలికో ఒక ఉదాహరణ చెబుతాను. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని సాధన ఇంటర్వ్యూలో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగాను. "బిజినెస్ అండీ" అంది. "ఏం వ్యాపారం?" అన్నాను. ఆమె చేతిలోని ఫైలు అంచును గోటితో గీకుతూ ఉండిపోయింది. ఆ తర్వాత అడిగిన నాలుగు ప్రశ్నలకూ, అవి ఆమెకు బాగా తెలిసిన అకౌంట్స్ ప్రశ్నలే అయినా, జవాబులు తడబడ్డాయి. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు కదా, అతికించే పనిలోనే ఆమె మనసంతా ఉండిపోయింది. వారం తర్వాత మళ్లీ అదే ప్రశ్న వేశాను. "జూట్ మిల్లులో పనిచేసేవారండి. మిల్లు మూతపడ్డాక ఆటో నడుపుతున్నారు. రోజూ వచ్చే డబ్బు, డీజిల్ ఖర్చు, ఫైనాన్స్ కిస్తీ లెక్కలు నేనే రాస్తాను" అంది. ఆ లెక్కలు ఎలా రాస్తావని అడిగితే ఆగకుండా ఐదు నిమిషాలు మాట్లాడింది. నిజం చెబితే దానికి ఆసరాగా నిలిచే వివరాలు మన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి కాబట్టి, తర్వాతి ప్రశ్నకు భయపడవలసిన పని ఉండదు.

అయితే అడగని సంగతులన్నీ ఏకరువు పెట్టడం నిజాయితీ కాదు. ఇంటి అప్పుల గురించి, కులం గురించి, ఆరోగ్యం గురించి ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు మీది. "ఆ విషయం ఇక్కడ వద్దండి" అనడం కూడా నిజమైన జవాబే.

మార్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు

యాస విషయంలో నేను పాటించే కొలమానం ఒక్కటే. నా మాట ఎదుటివారికి అర్థం కాకపోతే మార్చుకుంటాను. అర్థమై కూడా నవ్వితే మార్చుకోను. "బేగి పంపించండి" అంటే రాయలసీమ నుంచి వచ్చిన సహోద్యోగికి తెలియకపోవచ్చు కనుక "తొందరగా పంపించండి" అంటాను. అతనికి ఆ మాట అర్థమయ్యాక కూడా దాన్ని వెక్కిరిస్తే, "మావైపు ఇలాగే అంటామండి" అని చిరునవ్వుతో ఒక్కసారి చెప్పి, ఆగిన చోటు నుంచే నా విషయం కొనసాగిస్తాను. ఈ ఆఖరి భాగమే ముఖ్యం. యాస మీద వాదనకు దిగితే చెప్పదలచుకున్నది పక్కకు పోతుంది, మౌనంగా ఉండిపోతే అసలుకే పోతుంది. ఆ ఒక్క వాక్యాన్ని ఇంట్లో గట్టిగా పది పదిహేనుసార్లు పలికి చూసుకోండి. అవసరం వచ్చినప్పుడు నోరు దానంతట అదే కదులుతుంది.

పరీక్షలో, కార్యాలయ ఉత్తరంలో, టీవీ వార్తల్లో వాడే తెలుగును నేర్చుకోవడం వల్ల మన మాట తక్కువైపోదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు ఇందుకు మంచి ఉదాహరణ. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, చదువుకున్నవారు పట్టించుకోని సవర గిరిజనుల భాషను ఆయన పట్టుదలతో నేర్చుకొని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం వాడే తెలుగు రాతకు పనికిరాదన్న పండితులతో తలపడినప్పుడు, వారు రాసిన గ్రాంథికంలోని దోషాలనే ఎత్తి చూపించారు. గ్రాంథికం తెలియక ఆయన వాడుక భాష పక్షాన నిలబడలేదు, రెండూ క్షుణ్ణంగా తెలిసి ఒకదాన్ని ఎంచుకున్నారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. (ఆ రోజు సభల్లో యాసతో మాట్లాడే వక్త ఒక్కరూ కనిపించకపోవడం నాకు ఏటా కాస్త నవ్వు తెప్పిస్తుంది.)

ధైర్యం వచ్చాక చేద్దామనుకుంటే ఆ రోజు రాదు

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఒక పనిని చేయగలనన్న నమ్మకం మనకు నాలుగు దారుల్లో కలుగుతుందని ఆయన వివరించారు. స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనవంటివారు చేయగా చూడటం, నమ్మదగినవారు చెప్పే ప్రోత్సాహపు మాట, మన శరీరంలో కలిగే స్పందనలను మనం అర్థం చేసుకునే తీరు అన్నవి ఆ నాలుగు. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. ఉపన్యాసాలు విని తెచ్చుకున్న ఉత్సాహం ఇంటికి చేరేలోపే చల్లారిపోవడానికి కారణం ఇదే. అది మూడో దారిలో వచ్చింది, దాని వెనుక మనం చేసిన పని ఏదీ లేదు.

కాబట్టి భయపడే పనిని మెట్లుగా విడగొట్టాలి. నలుగురిలో మాట్లాడటమే భయమనుకుందాం. మొదటి వారం బ్యాంకు కౌంటరు దగ్గర అర్థం కాని నిబంధనను "మరోసారి చెప్పండి" అని అడగండి. అది తేలికయ్యాక తరగతిలో లేదా కార్యాలయంలో రోజుకు ఒక ప్రశ్న వేయండి. ఆపైన ఊరి గ్రామసభలో వీధి దీపం గురించో, కుళాయి గురించో రెండు వాక్యాలు చెప్పండి. ముందే కాగితం మీద రాసుకొని చదివినా ఫరవాలేదు. ఒక మెట్టు మీద గుండె దడ సగానికి తగ్గేదాకా అక్కడే ఉండి, తర్వాతే పై మెట్టు ఎక్కాలి. దడ పూర్తిగా పోవాలని ఎదురుచూడవద్దు, అది నాకు ఇప్పటికీ పోలేదు.

మెట్ల సంగతి వెయిట్‌లిఫ్టర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలదాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. స్వర్ణం కోసం క్లీన్ అండ్ జెర్క్ ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు సిద్ధపడ్డారు, అది నిలవలేదు. ఆ క్రీడ నియమం నాకెంతో నచ్చుతుంది: ఆఖరి బరువు జారిపోయినా, అంతకుముందు ఎత్తింది ఎత్తినట్టే లెక్క. మనం మాత్రం ఒక్క ఇంటర్వ్యూ పోగానే అంతకుముందు చేసినవన్నీ కొట్టివేసుకుంటాం. అలా కొట్టివేసుకోకుండా ఉండటానికే నోటుపుస్తకం. ఎడమ పేజీలో దాచినవి రాస్తున్నట్టే కుడి పేజీలో చేసినవి రాయండి, తేదీతో సహా.

ఆ "నలుగురూ" ఎవరు?

"నలుగురూ ఏమనుకుంటారో" అన్న మాట మన ఇళ్లలో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. ఆ నలుగురి పేర్లూ ఒక కాగితం మీద రాయమని నా విద్యార్థులకు చెబుతాను. చాలామందికి రెండో పేరు దగ్గరే కలం ఆగిపోతుంది. రాసిన పేర్లలో ఒకరు పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు ఏడాదికొకసారి కనిపించే దూరపు బంధువై ఉంటారు. అమ్మ, గురువు వంటి ఒకరిద్దరి అభిప్రాయం నిజంగా విలువైనదైతే, వారినే నేరుగా అడగవచ్చు.

ఇతరులు మనల్ని మనం అనుకున్నంతగా గమనించరన్న విషయంపై అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ గిలోవిచ్ బృందం 2000లో ఒక పరిశోధనను ప్రచురించింది. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టుతో విద్యార్థులను తోటివారున్న గదిలోకి పంపితే, గదిలో సుమారు సగంమంది ఆ బొమ్మను గుర్తుపట్టి ఉంటారని ఆ టీషర్టు వేసుకున్నవారు అనుకున్నారు. నిజంగా గుర్తుపట్టింది సుమారు నాలుగో వంతు మందే. అయితే దీన్ని యథాతథంగా మన ఊళ్లకు అన్వయించడానికి నేను ఒప్పుకోను. మూడు వందల గడపల ఊళ్లో ఎవరింటికి ఎవరు వచ్చారో సాయంత్రానికి రచ్చబండకు చేరుతుంది. అక్కడ గమనిస్తారన్నది భ్రమ కాదు. కాబట్టి ఊళ్లో వేసుకోవలసిన ప్రశ్న వేరు: వాళ్లు అనుకున్నందువల్ల నాకు కలిగే నష్టం ఏమిటి, ఎన్నాళ్లు ఉంటుంది? రెండు రోజుల గుసగుసలైతే భరించవచ్చు. పొలం కౌలు పోయేంత, చెల్లెలి పెళ్లి సంబంధం చెడేంత నష్టమైతే ఆగి, ఇంట్లో పెద్దవారితో మాట్లాడి అడుగు వేయడం పిరికితనం కాదు. గొప్ప కోసం కొనే ఫోను, పరువు కోసం అప్పు తెచ్చి చేసే వేడుక మాత్రం ఏ లెక్కలోనూ నిలవవు.

మర్యాద పోకుండా కాదనడం

ముక్కుసూటిగా మాట్లాడతాననే పేరుతో ఎదుటివారిని నొప్పించేవారు కొందరుంటారు. నేను చెప్పేది అది కాదు. పెద్దలకు కాదని చెప్పేటప్పుడు వారి ఉద్దేశాన్ని ముందుగా గుర్తించి, నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, గడువు పెట్టాలి. బ్యాంకు కోచింగులో చేరమని ఒత్తిడి చేస్తున్న మేనమామతో ఇలా అనవచ్చు: "మావయ్యా, నా మంచి కోరే చెబుతున్నావని తెలుసు. నేను మాత్రం బీఈడీ చేయాలనే నిర్ణయించుకున్నాను. అది పూర్తయ్యాక రెండేళ్లలో ఉద్యోగం రాకపోతే నువ్వు చెప్పిన దారి గురించి మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం." కారణాలు ఐదారు చెప్పవద్దు. ఒక్కో కారణానికీ ఒక్కో జవాబు సిద్ధంగా ఉంటుంది, వాదన రాత్రి భోజనాల దాకా సాగుతుంది. ఆయన అలిగితే నాలుగు రోజులాగి, నిర్ణయం మార్చుకోకుండానే, ఎప్పటిలాగే ఇంటికి వెళ్లి పలకరించండి.

ఈ పద్ధతులు పనిచేయని సందర్భాలు ఉన్నాయి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఇల్లు కదలాలంటేనే భయం వేసినా, బతకాలనిపించకపోయినా అది ధైర్యం లేకపోవడం కాదు, వైద్యం కావలసిన స్థితి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, యాస మార్చుకోనక్కరలేదు.

నెల గడిచాక నోటుపుస్తకంలో రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఎడమ వైపు ఇంకా పదే పదే కనిపిస్తున్న చోటును ఎంచుకొని, దానికి కుడి పేజీలో వచ్చే సోమవారం చేయవలసిన మొదటి మెట్టును, అది బ్యాంకు కౌంటరులో అడిగే ఒక్క ప్రశ్నే అయినా సరే, ఇప్పుడే రాసిపెట్టుకోండి.