బిడ్ ముగిసేదాకా నంబరు ఇవ్వకండి

పోయిన దసరాకు ఇల్లు సర్దుతుంటే మా బాపు ట్రంకు పెట్టెలో నిజాం కాలం నాటి హాలీ సిక్కాలు, అంటే అప్పటి నాణేలు, ఆరు దొరికాయి, చార్మినార్ బొమ్మ ఉన్నవి. ఫోటోలు తీసి ఒక వేలం సైట్‌లో పెట్టాను. గంట కూడా కాలేదు, ఒకాయన మెసేజ్ పెట్టాడు: "సార్, మీది హనుమకొండలో ఫలానా కాలనీ కదా, నేనే వచ్చి తీసుకుంటా, ఈ బిడ్లన్నీ ఎందుకు?" కాలనీ పేరు నేనెక్కడా రాయలేదు. ఫోటో పెద్దది చేసి చూస్తే అర్థమైంది, సిక్కాల కింద పరిచింది మా కరెంటు బిల్లు. పేరు, ఇంటి నంబరు, అన్నీ చక్కగా కనబడుతున్నాయి!

అందుకే ముందు ఫోటో సంగతి చూసుకోండి. కింద తెల్ల తువ్వాల పరిస్తే చాలు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేయండి, లేకపోతే ఫోటో ఫైల్‌లోనే మీ ఇల్లు ఎక్కడుందో నమోదై ఉంటుంది. బండి అయితే నంబర్ ప్లేట్, ఫోన్ అయితే డబ్బా మీది ఐఎంఇఐ (ఆ ఫోన్ గుర్తింపు నంబరు) కనబడకుండా చూడండి. యూజర్ నేమ్‌లో పుట్టిన సంవత్సరం, మొబైల్ నంబరు ఇరికించకండి.

ఇక అసలు సంగతి, చాటింగ్. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చికి జెండా పాట (వేలం) పాడే వ్యాపారి రైతు కళ్ల ముందే ఉంటాడు, ఏదైనా తేడా వస్తే మధ్యలో అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) ఉంటాడు. ఆన్‌లైన్‌లో ఆ అడ్తిదారు సైట్ వాళ్ల మెసేజ్ బాక్సే. అందులో మాట్లాడితే ఎవరు ఏమన్నారో రికార్డు ఉంటుంది, వాట్సాప్‌కు వెళ్లారా, రేపు గొడవైతే సైట్ వాళ్లు మాకేం సంబంధం అంటారు. ఈబే అయితే అమ్మకం కాకముందు మెసేజ్‌లలో ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఇచ్చిపుచ్చుకోవద్దనే రూల్ పెట్టింది, బయట డీల్ చేసుకుంటే వాళ్ల మనీ బ్యాక్ గ్యారంటీ వర్తించదు.

నంబరే కదా, ఇస్తే ఏమవుతుంది అంటారేమో. ఆ పది అంకెలు యూపీఐ యాప్‌లో కొడితే చాలు, బ్యాంకులో ఉన్న మీ పేరు వచ్చేస్తుంది. వాట్సాప్‌లో మీ పిల్లల డీపీ. వేలం గెలవని పదిమందికి ఇవన్నీ ఎందుకు? "నంబరు పంపండన్నా, త్వరగా సెటిల్ చేద్దాం" అంటే, "ఇక్కడే అడగండి, చెప్తా" అని ఒక్క లైన్ కొట్టండి. నిజంగా కొనేవాడు అడుగుతాడు, మిగతావాళ్లు మాయమైపోతారు.

బిడ్ ముగిశాక గెలిచినవాళ్లకు మాత్రమే, పార్సెల్‌కు కావలసినంతే ఇవ్వండి. పంపేవారి అడ్రస్‌కు ఇంటిది బదులు దుకాణానిదో ఆఫీసుదో ఉంటే నయం. యూపీఐ ఐడీలో మొబైల్ నంబరే ఉంటే వేరే ఐడీ పెట్టుకోండి. డబ్బులు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, "స్కాన్ చేస్తే మీకే జమ అవుతుంది" అన్నాడంటే దొంగే. పాత నాణేలు అమ్మేవాళ్లకు ఇంకొకటి: రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి కమిషన్, ట్యాక్స్ కట్టమనేవాళ్లు తయారయ్యారు, అలాంటి లావాదేవీలతో మాకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021లో ప్రకటించింది. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చేతికి చేయి ఇచ్చిపుచ్చుకోవాలంటే పగటి పూట, హనుమకొండ చౌరస్తా లాంటి జనం ఉన్న చోట, వెంట ఒకరిని తీసుకుని పోండి. ఇంటికి రమ్మనకండి.

కొనేవాళ్లకూ ఇదే లెక్క. నమ్మకం కోసమని ఆధార్ ఫోటో అడిగితే పంపకండి, మరీ తప్పకపోతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది. అమ్మేవాళ్లు కూడా పని అయ్యాక కొన్నవాళ్ల నంబరు తీసేయండి, పండుగ మెసేజ్‌ల గ్రూపులో కలపకండి, నన్ను ఒకాయన అట్లాగే కలిపాడు.

మా సిక్కాలు చివరికి కరీంనగర్ ఆయన తీసుకున్నాడు. పన్నెండు రోజులు మాట్లాడుకున్నాం, ఆయన పేరేమిటో నాకు తెలిసింది పార్సెల్ మీద అడ్రస్ రాసేటప్పుడే.