మాతృ వందన దరఖాస్తు: డబ్బు ఏ ఖాతాకు వెళ్తుందో ముందే చూసుకోండి

బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించినప్పటి నుంచి, తిరుపతిలో మా వీధి చివరనున్న సచివాలయం దగ్గర కూర్చొని దరఖాస్తులు నింపుకోలేనివారికి నింపిపెట్టడం నాకు అలవాటైంది. ఆ మధ్య చంద్రగిరి వైపు నుంచి ఏడో నెల గర్భిణి ఒకామె, అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. నెట్ సెంటర్ అతనికి ఆరువందలు ఇచ్చి మూడు నెలలైనా, గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాతృ వందన డబ్బు రాలేదని, మళ్లీ దరఖాస్తు పెట్టాలంటే ఇంకో మూడువందలు అడుగుతున్నాడని ఆమె చెప్పింది. ఆధార్ వెబ్‌సైటులో చూస్తే తేలిందేమిటంటే, డబ్బు ఎప్పుడో వచ్చేసింది. పెళ్లికి ముందు సిమ్ కార్డు కొన్న దుకాణంలో వేలిముద్ర వేసినప్పుడు తెరిచిన ఒక ఖాతాలో అది పడి ఉంది. అలాంటి ఖాతా ఒకటి తనకున్నట్టే ఆమెకు గుర్తు లేదు.

ఈ దరఖాస్తుకు ఎక్కడా రుసుము లేదన్నది మొదట తెలుసుకోవలసిన సంగతి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మారిన నిబంధనల ప్రకారం తొలి కాన్పుకు రెండు విడతలుగా 5,000 రూపాయలు ఇస్తారు. చివరి నెలసరి తేదీ నుంచి ఆరు నెలల లోపు గర్భం నమోదై, కనీసం ఒక్కసారి పరీక్ష జరిగి ఉంటే మొదటి విడత 3,000 వస్తుంది. బిడ్డ పుట్టుక నమోదై, పద్నాలుగు వారాల వరకు వేయవలసిన టీకాలు పూర్తయ్యాక మిగతా 2,000 వస్తుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి ఇస్తారు. తొలి కాన్పుకు చివరి నెలసరి నుంచి 570 రోజుల లోపు, రెండో ఆడపిల్లకు పుట్టిన రోజు నుంచి 270 రోజుల లోపు దరఖాస్తు చేరాలి. ప్రభుత్వంలో శాశ్వత ఉద్యోగం చేస్తున్నవారికి ఇది వర్తించదు. రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఎనిమిది లక్షల లోపు ఆదాయ ధ్రువపత్రం వంటి వాటిలో ఏదో ఒకటి చూపితే చాలు.

ఆశా కార్యకర్త గానీ ఏఎన్‌ఎం గానీ వివరాలు తీసుకుని నమోదు చేస్తారు. ఆధార్, తల్లీబిడ్డల రక్షణ కార్డు, అర్హత పత్రం ఇస్తే వారి పని పది నిమిషాలది. నగరి, పుత్తూరు, చిత్తూరు ప్రాంతాల్లో ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. తిరుత్తణి, వేలూరు వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవారి ఆధార్‌లో పేరుకు ముందు తండ్రి పేరులోని తొలి అక్షరం మాత్రమే ఉంటుంది, ఇక్కడ ఆసుపత్రి కార్డులో మాత్రం అత్తింటి ఇంటిపేరు రాసేస్తారు. మొదటి పరీక్షకు వెళ్లిన రోజే ఆధార్ చూపించి, అందులో ఉన్న పేరును అక్షరం మారకుండా రాయమని అడిగితే ఈ గొడవ ఉండదు. చివరి నెలసరి తేదీ కూడా కార్డులోను, దరఖాస్తులోను ఒకటే ఉండాలి.

ఇక అసలు చిక్కు ఖాతా దగ్గర ఉంది. మాతృ వందనలో ఖాతా నంబరును బట్టి కాక ఆధార్‌ను బట్టి డబ్బు పంపుతారు. బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది ఖాతాదారు ఎవరో తెలుసుకోవడానికి బ్యాంకు తీసుకున్న కాగితం మాత్రమే. ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో చెప్పే జాబితా వేరే ఉంటుంది, అందులో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, ఆఖరున ఏ బ్యాంకు అనుసంధానం చేస్తే డబ్బు దానికే పోతుంది. పాసుపుస్తకం ఒక బ్యాంకుదై, జాబితాలో పేరు ఇంకో బ్యాంకుదైతే చంద్రగిరి అమ్మాయి కథే పునరావృతమవుతుంది. ఆధార్ వెబ్‌సైటులో ఓటీపీతో లోపలికి వెళ్లి బ్యాంకు అనుసంధాన స్థితి నొక్కితే ఆ బ్యాంకు పేరు, అనుసంధానమైన తేదీ కనిపిస్తాయి. దరఖాస్తు పెట్టడానికి ముందే ఈ ఒక్కటి చూసుకోండి.

బ్యాంకు మార్చుకోవాలనుకుంటే కొత్త శాఖకు వెళ్లి ఆధార్ అనుసంధాన అంగీకార పత్రం అడగాలి. అందులో, ఇప్పటికే వేరే బ్యాంకుతో ఉన్న అనుసంధానాన్ని ఇక్కడికి మార్చమని కోరే గడి ఒకటి ఉంటుంది, పాత బ్యాంకు పేరు అక్కడ రాసి టిక్కు పెట్టాలి. నా ఉద్యోగంలో ఈ గడి ఖాళీగా వదిలేసిన పత్రాలు లెక్కలేనన్ని చూశాను. కౌంటరులో వాటిని తీసుకుంటారు, మార్పు మాత్రం జరగదు. ఖాతా దరఖాస్తు పెట్టే తల్లి ఒక్కరి పేరు మీదే ఉండాలి, భర్తతో ఉమ్మడి ఖాతా పనికిరాదు. రెండేళ్లుగా ఏ లావాదేవీ లేని ఖాతా అయితే ముందు దాన్ని తిరిగి వాడుకలోకి తెచ్చుకోవాలి.

ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరు చేతిలో ఉండాలి. పెళ్లితో సిమ్ మారినవారు ఇక్కడే ఆగిపోతారు. ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి నంబరు మార్పించుకోవచ్చు, నడవలేని స్థితిలో ఉంటే పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి మార్చే సదుపాయమూ ఉంది. ఈ నంబరు అవసరం మాతృ వందనతో తీరిపోదు. అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహారానికి 2025 జూలై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది, దానికి ముందు అంగన్‌వాడీ నమోదులు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఆధార్ ధ్రువీకరణ కూడా అదే ఫోనుకు వచ్చే ఓటీపీతోనే జరుగుతుంది. అంగన్‌వాడీ కార్యకర్త అడిగినప్పుడు ఎదురుగా ఉండి ఓటీపీ చెప్పడం సరే. ఫోనులో ఎవరో అధికారినని చెప్పి అడిగితే మాత్రం చెప్పకూడదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన పని ఎప్పుడూ ఉండదు.

అంగన్‌వాడీ నమోదుకు మూడో నెల దాకా ఆగనక్కరలేదు, గర్భం నిర్ధారణ కాగానే చేయించుకోవచ్చు. గుడ్లు, పాలు, కందిపప్పు, రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కి, ఎండు ఖర్జూరం ఇచ్చేది రోజుకు సుమారు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ ఆ తల్లికి అదనంగా అందాలన్న లెక్కతో. మా వైపు ఇళ్లలో ఆ గుడ్లు సాయంత్రానికి ఇంట్లోని పిల్లలందరికీ పంచబడతాయి. వాళ్లకు లేకుండా తాను తినడానికి ఆ అమ్మాయికీ మనసొప్పదు. రోజూ పొద్దున ఆమె గుడ్డు ఆమె కంచంలో పెట్టే బాధ్యత భర్త తీసుకున్న ఇంటిని పాకాలలో ఒకదాన్ని చూశాను. అది చాలా చిన్న ఏర్పాటే గానీ పనిచేసింది. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు పెద్దవాళ్లు తిండి తగ్గిస్తారు. నాలుగో నెల నుంచి రోజుకు దాదాపు 350 కేలరీలు ఎక్కువగా తినాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రాగిసంగటిలోకి శెనక్కాయల ఊరిబిండి, ఒక గుడ్డు, మునగాకు పప్పు చేర్చుకుంటే ఇది పెద్ద కష్టమేమీ కాదు.

నాలుగో నెల నుంచి ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయపడి మానేయనక్కరలేదు. వాటిని కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు, వేసుకున్న గంట వరకు టీ, కాఫీ తాగకూడదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి, హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గిందేమో ఆ రోజు అడిగి తెలుసుకోవచ్చు.

కాన్పుకు పుట్టింటికి వెళ్లేవారు బయలుదేరే ముందు అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పి, పుట్టింటి ఊరి కేంద్రానికి నమోదు మార్పించుకోవాలి. మార్చకుండా అక్కడ కొత్తగా నమోదు చేయబోతే ఆధార్ ఇప్పటికే నమోదై ఉందని చూపి పోషణ్ ట్రాకర్ ఆపేస్తుంది, పాలు, గుడ్లు ఆ నెల రెండు చోట్లా అందకుండా పోతాయి. మాతృ వందన దరఖాస్తు ఏ దశలో ఉందో తెలుసుకోవాలంటే 14408 కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తిరస్కరించారని చెబితే కారణం ఏమిటో అడిగి రాసుకుని, మళ్లీ ఆశా కార్యకర్త దగ్గరకే వెళ్లాలి. దిద్దడానికీ రుసుము లేదు. చంద్రగిరి అమ్మాయి సిమ్ దుకాణం ఖాతాలో పడిన 3,000 ను మర్నాడే తీసుకుంది, బ్యాంకు మార్చే పత్రం కూడా అదే రోజు ఇచ్చింది. ఆ గడిలో టిక్కు పెట్టిందో లేదో నేనే చూశాను.