తోలు జిగురు పట్టలేదా? ఊడిన అతుకును ముందు చూడండి

పచ్చి తోలును కాచి తీసే తోలు జిగురును వేడిగా పూసి చెక్క ముక్కలను అతికిస్తారు. ఆ అతుకు ఊడగానే పాత జిగురంతా గీకి పారేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. విడిపోయిన రెండు ముఖాలనూ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

జిగురు ఒక ముక్కకే అంటుకుని అద్దంలా మెరుస్తోంది

రెండో ముక్క తాకేలోపే జిగురు పేరుకుపోయింది. ఎక్కువగా కనబడే తప్పు ఇదే. వేడిగా, పలచగా ఉన్నంతసేపే ఇది చెక్కను తడుపుతుంది. చల్లబడి జెల్లీలా మారాక క్లాంపు ఎంత బిగించినా లాభం లేదు. చల్లటి చెక్క, గాలి వీచే గది, నిదానంగా కదిలే చేయి, ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

అతికించే ముఖాలను ముందుగా గోరువెచ్చగా చేయండి. కిటికీ మూయండి. జిగురు లేకుండా ఒకసారి అంతా బిగించి చూసుకోండి, క్లాంపు వెతుక్కుంటూ ఉంటే ఉన్న ఒకటి రెండు నిమిషాలు అయిపోతాయి. పెద్ద పనికి ఇంకా సమయం కావాలంటే ఎండు జిగురు బరువులో 5 నుంచి 10 శాతం యూరియా కలపవచ్చు. మోతాదు మించితే బలం తగ్గుతుంది.

కొనేటప్పుడు గ్రాముల్లో చెప్పే బలం అంకెనూ గమనించండి, పేరుకున్న జిగురు ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే కొలత అది. అంకె పెద్దదైతే జిగురు అంత మంచిదని చాలామంది భ్రమ. 251 రకం 192 కంటే త్వరగా పేరుకుంటుంది. మామూలు చెక్కపనికి 192 చాలు.

రెండు ముఖాలూ ఎండిపోయి, జిగురే లేనట్టున్నాయి

జిగురు పలచనైనా అయి ఉండాలి, క్లాంపు దాన్నంతా బయటికి నొక్కేసైనా ఉండాలి. బ్రష్ ఎత్తితే తెగని సన్నటి ధారగా జారాలి. నీళ్లలా చుక్కలు చుక్కలుగా రాలితే పలచన, ముద్దగా పడితే చిక్కన. చెక్క అడ్డుకోత ముఖం జిగురును పీల్చేస్తుంది కాబట్టి, అక్కడ పలచటి పూత ఒకటి వేసి ఆరాక అసలు జిగురు పూయండి. సందులున్న అతుకును జిగురుతో పూడ్చాలని చూడకండి. ఆరేటప్పుడు అది కుంచించుకుపోతుంది. చిత్రిక పట్టి ముఖాలు సరిగ్గా కలిసేలా చేయడమే దారి.

జిగురు గోటికే పొడిగా రాలిపోతోంది

మరగబెట్టారన్నమాట. జిగురుకు బలమిచ్చే పొడవైన ప్రొటీన్ గొలుసులు అతివేడికి తెగిపోతాయి. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకండి, వేడినీళ్ల గిన్నెలో ఉంచి 60-65 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూడండి. థర్మామీటరు కొనడానికి పిసినారితనం వద్దు. ఎండు జిగురు పలుకులను ముందు చల్లటి నీళ్లలో నానబెట్టాలి. ఒక వంతు జిగురుకు బరువులో ఒకటిన్నర నుంచి రెండు వంతుల నీళ్లతో మొదలుపెట్టండి. పదేపదే వేడిచేసినా బలం పోతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త నొక్కి విడదీస్తూ ఉంటే, మంచి జిగురు దూది పోగుల్లా సాగుతుంది.

కుళ్లు వాసన

పారేయండి. తేలికైన తోలు వాసన సహజమే, కుళ్లు వాసన కాదు. మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో ఉంచి కొద్ది రోజుల్లో వాడేయండి.

ఇంట్లో తోలు కాచినా జిగురు దిగడం లేదు

పదును చేసిన తోలు వాడారేమో చూడండి. చెప్పులకు, బెల్టులకు వాడే తోలులో కొల్లాజెన్, అంటే జిగురుగా మారే ప్రొటీన్, కరగకుండా బిగిసిపోయి ఉంటుంది. పచ్చి తోలే కావాలి. సున్నపు నీటిలో ఊరబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ తీసి, సున్నం పోయేదాకా కడిగి, మరగనివ్వకుండా గంటల తరబడి సన్నసెగన కాయాలి. పైన తేలే కొవ్వును తీసేయకపోతే ఆ జిగురు సరిగ్గా పట్టదు. వడగట్టి, పేరుకున్నాక పలచటి పలకలుగా కోసి వల మీద నీడలో ఆరబెట్టండి. వేడీ తేమా కలిసిన రోజుల్లో ఈ పని పెట్టుకుంటే పలకలు ఆరకముందే కరిగి కారిపోతాయి, లేదా బూజు పడతాయి.

తేమకు అతుకు మెత్తబడింది

ఇది మీ తప్పు కాదు, జిగురు స్వభావం. ఆరుబయట ఉండే వస్తువుకు దీన్ని వాడకూడదు. ఈ స్వభావమే మరమ్మతుకు మేలు చేస్తుంది. కొద్దిగా ఆవిరి పడితే అతుకు విప్పవచ్చు, వేడి జిగురు పాత తోలు జిగురును కరిగించి దానితో కలిసిపోతుంది. గట్టిగా, శుభ్రంగా ఉన్న పాత పొరను గీకనక్కర్లేదు. పొడిగా రాలేదాన్ని తీసేయండి. మధ్యలో ఎవరైనా తెల్ల జిగురు పూసి ఉంటే మాత్రం చెక్క కనిపించేదాకా గీకాల్సిందే.