ట్యాబ్ చూసి బేస్ గిటార్ మీద ఫంక్ వాయించడం ఎలా? ముందు నోరు, తర్వాత వేళ్లు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా గదిలో కూర్చుని ఏడాదిపాటు ట్యాబ్‌లలోని అంకెలన్నీ బట్టీ పట్టాను. ట్యాబ్ అంటే ఏ తీగను ఎక్కడ నొక్కాలో గీతల మీద అంకెలతో చూపే కాగితం. వేళ్లు సరైన ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) మీదే పడేవి. మొదటిసారి డ్రమ్మర్ పక్కన నిలబడి వాయించిన రోజు మాత్రం రెండో ఆవర్తానికే తాళం తప్పాను. వేలు ఎక్కడ పెట్టాలో ట్యాబ్ చెబుతుంది. ఎప్పుడు మీటాలో, ఎంతసేపు మోగనివ్వాలో చాలా ట్యాబ్‌లలో ఉండదు. ఫంక్ అంటే తాళపు ఊపే ప్రధానమైన అమెరికన్ సంగీతం, దాని ప్రాణమంతా ఆ రెండింటిలోనే ఉంది.

1. గీతలు చదవడం

ఇది పది నిమిషాల పని. నాలుగు గీతలంటే నాలుగు తీగలు. అట్టడుగు గీత లావు తీగ ఇ, దాని పైన వరుసగా ఎ, డి, జి. అంకె ఫ్రెట్ నంబరు. సున్నా ఉంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటాలి. × ఉంటే ఘోస్ట్ నోట్: ఎడమ వేళ్లను తీగ మీద ఊరికే ఆనించి మీటితే స్వరం పలకదు, 'టక్' మని దెబ్బ మాత్రం వినిపిస్తుంది. దాన్ని వదిలేయకండి, ఫంక్‌లో అదీ వాద్యమే.

2. నోటితో చెప్పడం

ఇక్కడ మనకు పుట్టుకతో వచ్చిన సాయం ఉంది. ఫంక్‌లో ఒక్కో దెబ్బను నాలుగు ముక్కలు చేసి లెక్కపెడతారు. అది మన చతురశ్ర నడే: తకధిమి. నాలుగు దెబ్బల బార్‌కు నాలుగు తకధిమిలు, అంటే పదహారు అక్షరాలు. రెండు బార్లు కలిస్తే ఆదితాళం ఒక ఆవర్తం. మృదంగం క్లాసుకు వెళ్లిన పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్లనే తాళం వేయమనండి.

ఈ చిన్న వరుస చూడండి. ఒక్కో గీతలో పదహారు స్థానాలున్నాయి:

జి |----------------|
డి |----------2-0---|
ఎ |------×-2-------|
ఇ |0--0----------3-|

గిటార్ ముట్టుకోకుండా తొడ మీద దెబ్బ వేస్తూ నాలుగు తకధిమిలు చెప్పండి. మొదటి దాంట్లో 'త', 'మి' గట్టిగా, రెండో దాంట్లో 'ధి' పొడిగా, మూడు, నాలుగింటిలో 'త', 'ధి' గట్టిగా పలకాలి. మిగతావి లోలోపలే. తడబడకుండా ఇరవైసార్లు వచ్చాకే గిటార్ అందుకోండి. మొదటి 'త' మిగతావాటికన్నా బలంగా పడాలి. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన బ్యాండ్‌ను నిలబెట్టింది ఆ ఒకటో దెబ్బ మీదే. 1970లో ఆయన బ్యాండ్‌లో చేరిన బేస్ వాద్యకారుడు బూట్సీ కాలిన్స్ ఆ పాఠాన్ని జీవితమంతా వాయించాడు. మన భాషలో అది సమం.

3. తీగను ఆపడం

కొత్తవాళ్లు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది దీన్నే. పై వరుసలో మొదటి సున్నా మీటి వదిలేస్తే ఇ తీగ మోగుతూనే ఉంటుంది, తర్వాతి దెబ్బ అందులో మునిగిపోతుంది. 'క' దగ్గరే ఎడమచేతి వేళ్లతో తీగను మెల్లగా తాకి ఆపండి. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటండి. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు దగ్గర నిలబడి విన్నారా? దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీయే కాళ్లను కదిలిస్తుంది. బేస్‌లోనూ అంతే.

4. వేగం

మెట్రోనోమ్ (టిక్ టిక్ మంటూ తాళం చూపే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి. ఐదుసార్లు తప్పు లేకుండా వస్తే 5 పెంచండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే హెడ్‌ఫోన్ పెట్టుకోండి. లావు తీగ నాదం సుమారు 41 హెర్ట్జ్, గోడలు దాటి కింది ఇంటివాళ్ల మంచం దాకా పోతుంది.

5. స్లాప్

నెల రోజులు వేళ్లతో కుదిరాకే దీని జోలికి వెళ్లండి. అమెరికన్ బేస్ వాద్యకారుడు లారీ గ్రాహమ్ తన అమ్మగారితో కలిసి వాయించే రోజుల్లో వాళ్ల బృందంలో డ్రమ్మర్ లేకపోయాడు. బొటనవేలితో తీగను కొట్టి (స్లాప్) బేస్ డ్రమ్ లోటు, సన్న తీగను లాగి వదిలి (పాప్) స్నేర్ డ్రమ్ లోటు తీర్చాడు. ట్యాబ్‌లో స్లాప్, పాప్ గుర్తులు కనిపిస్తే ఆ రెండు డ్రమ్ములనే తలుచుకోండి, చేతికి బలం ఎంత కావాలో తెలిసిపోతుంది.

6. అసలు పాట

మొదటి పాటగా క్వీన్ బ్యాండ్ 1980లో ఇచ్చిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' తీసుకోండి. అంకెలు తక్కువ, ఖాళీలు ఎక్కువ. ఆ తర్వాత షీక్ బ్యాండ్ వారి 'గుడ్ టైమ్స్' (1979), అందులో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ నడక వినండి. ఒకే పాటకు నెట్‌లో నాలుగు రకాల ట్యాబ్‌లు దొరుకుతాయి, తప్పులు మామూలే. కాగితానికీ చెవికీ పేచీ వస్తే చెవినే నమ్మండి. ఇళయరాజా పాటల్లో బేస్ వింటూ పెరిగిన చెవులవి.

బీచ్ రోడ్డు వైపు ఇల్లున్నవాళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించడం కాగానే పొడి గుడ్డతో ఒక్కో తీగనూ పైనుంచి కిందిదాకా తుడిచి, గిటార్‌ను సంచిలో పెట్టి జిప్పు వేయండి.