గేమ్ ఫీడ్‌బ్యాక్ రాయడం నేర్చుకుందాం – 3వ పాఠం: బగ్గా, బ్యాలెన్సా, బ్యాడ్ లక్కా?

పోయిన పాఠంలో సేవ్ ఫైల్, వెర్షన్ నంబర్ జతచేయడం చూశాం. ఆ అభ్యాసం చేయనివాళ్లు ముందు అది పూర్తిచేసి రండి, ఇవాళ్టి పని దాని మీదే.

ఓడిపోయిన పది నిమిషాల్లోపు రాసిన ఫిర్యాదు ఎవరికీ పనికిరాదు. నేను రాసినవి చాలానే ఉన్నాయి, ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తుంది. కాబట్టి రాసేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: గేమ్ తన రూల్‌ని తానే తప్పిందా (అదే బగ్), రూల్ ప్రకారమే నడిచి నాకు నచ్చలేదా, లేక పాచికలు తిరగబడ్డాయా?

ఉదాహరణకి 'బ్యాటిల్ ఫర్ వెస్నోత్' తీసుకుందాం. 2003లో మొదలైన ఉచిత ఓపెన్ సోర్స్ గేమ్, ఇద్దరూ టర్న్ తర్వాత టర్న్ (వంతులవారీగా) సైనికుల్ని నడుపుతారు, దెబ్బ తగిలే అవకాశం ఎంతో స్క్రీన్ మీదే చూపిస్తుంది. అందులో మేజ్ (మాంత్రికుడు) మంత్రదాడికి మూడు దెబ్బలు. శత్రువు కొండ మీదున్నా అడవిలో ఉన్నా ఒక్కో దెబ్బ తగిలే అవకాశం 70 శాతం. మీ మేజ్ మూడూ గురి తప్పాడనుకోండి, వెంటనే ఒళ్లు మండుతుంది. అయినా కాస్త ఆగి గుణించండి: 0.3 × 0.3 × 0.3, అంటే 2.7 శాతం, దాదాపు 37 దాడులకి ఒకసారి. ముగ్గురు మేజ్‌లని వెంటేసుకుని పెద్ద మ్యాప్ ఆడితే ఇది ఒక్క ఆటలోనే ఎదురుకావచ్చు. తగిలిన దాడులు మనకి గుర్తుండవు, గొడవంతా అక్కడే.

ఇంకోటి. విషం ఎక్కిన సైనికుణ్ణి గ్రామంలో నిలబెడతారు, తర్వాతి టర్న్‌లో రావాల్సిన 8 హెల్త్ రాదు. ఇది బగ్గులాగే కనిపిస్తుంది కానీ కాదు, ఆ టర్న్‌లో గ్రామం విషాన్ని విరిచేస్తుంది, వైద్యం ఆ తర్వాతే. మీకు నచ్చకపోతే "ఈ రూల్ కొత్తవాళ్లకి అర్థం కావట్లేదు, గ్రామం దగ్గరే చిన్న సూచన చూపిస్తే బాగుంటుంది" అని రాయండి. అది మంచి ఫీడ్‌బ్యాకే, బగ్ రిపోర్ట్ మాత్రం కాదు.

నిజమైన బగ్ ఎలా రాయాలో చూడండి (ఇది నేను కల్పించింది):

"12వ టర్న్ సేవ్ ఫైల్ జతచేశాను. వంతెన మీదున్న గ్రిఫిన్‌ని రెండు గడులు జరిపి అన్‌డూ నొక్కాను. గ్రిఫిన్ వెనక్కి వచ్చింది, ఖర్చయిన కదలికలు మాత్రం తిరిగి రాలేదు. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ ఇంతే. గడ్డి మీద నుంచి జరిపితే అన్నీ సరిగ్గా వస్తున్నాయి."

ఆ చివరి వాక్యమే బంగారం. ఎక్కడ చెడుతోందో చెప్పడం ఎవరైనా చేస్తారు, ఎక్కడ చెడట్లేదో కూడా చెబితే డెవలపర్ వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. కోడ్‌లో ఏ లైన్ తప్పో ఊహించి చెప్పే పని పెట్టుకోకండి.

బ్యాలెన్స్, అంటే పక్షాల బలాలు సరితూగడం, దీనికంటే చిక్కు. "ఆర్క్‌లు మరీ స్ట్రాంగ్, పదికి ఏడు గెలిచాయి" అంటారు (ఆర్క్‌లు ఆటలో ఒక పక్షం). రెండు పక్షాలూ సరిసమానంగా ఉన్నా పది ఆటల్లో ఆర్క్‌లు ఏడో అంతకంటే ఎక్కువో గెలిచే అవకాశం 17 శాతం ఉంది, కాబట్టి ఆ పది ఆటలు ఏమీ రుజువు చేయవు. వందకి డెబ్బై అయితే ఆలోచించాల్సిందే, అదీ ఇద్దరు ఆటగాళ్లూ దాదాపు ఒకే స్థాయివాళ్లయితేనే. పక్షాలు మార్చుకుని ఆడారా? మ్యాప్‌లు మార్చారా? సన్నటి దారులున్న మ్యాప్‌లో ఒక్క బలమైన సైనికుడు అడ్డంగా నిలబడితే చాలు, అదే మైదానంలో అయితే అతణ్ణి నాలుగు వైపుల నుంచీ చుట్టుముట్టేస్తారు. ఇంకో మాట, యూనిట్ (ఒక్కో సైనికుడు) బలం గురించి దాని ధర చెప్పకుండా మాట్లాడకండి. 20 బంగారం పెట్టి కొన్నది 14 పెట్టి కొన్నదాన్ని ఓడించడంలో వింతేముంది?

"డ్యామేజ్ రెండు తగ్గించండి" లాంటి పరిష్కారాలు రాయాలని చెయ్యి దురద పెడుతుంది, రాయాలనుకుంటే చివర ఒక్క వాక్యంలో రాయండి. డెవలపర్‌కి ముందు కావాల్సింది మీ బాధ: ఏ టర్న్‌లో "ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు" అనిపించింది, అప్పుడు మీ చేతిలో ఏమేం ఉన్నాయి.

అభ్యాసం: మీరు ఈమధ్య ఓడిపోయిన ఒక ఆట రీప్లే తెరిచి సరిగ్గా ఆ టర్న్ దగ్గర ఆపండి. అక్కడ మీకు కనిపించింది ఐదు వాక్యాల్లో రాయండి, 'చెత్త', 'అన్యాయం' అనే మాటలు వాడకుండా. 4వ పాఠంలో ఆ ఐదు వాక్యాలనే పట్టుకుని పూర్తి రిపోర్ట్ తయారుచేస్తాం.