లైవ్ మైగ్రేషన్‌కు ముందు గెస్ట్ గడియారం విషయంలో జాగ్రత్తలు

నడుస్తున్న వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లను) ఆపకుండా మరో హోస్ట్‌కు, అంటే వాటిని మోసే మరో అసలు కంప్యూటర్‌కు, తరలించబోయే ముందు చాలామంది మెమరీ, డిస్కు, నెట్‌వర్క్‌లను సరిచూసుకుంటారు గాని, లోపలి గెస్ట్ (వర్చువల్ మెషీన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) ఏ గడియారాన్ని నమ్ముకుని నడుస్తోందో చూడరు. అలా చూడకుండా తరలించిన ఒక డేటాబేస్ సర్వర్ లాగ్‌లో 02:14:09 నాటి లైను కింద 02:14:07 నాటి లైను కనిపించినప్పుడు, ఏ లావాదేవీ ముందు జరిగిందో తేల్చడానికి మాకు ఒక రోజంతా పట్టింది.

కాబట్టి ముందుగా ప్రతి లినక్స్ గెస్ట్‌లోనూ అది వాడుతున్న గడియారం పేరు చెప్పే కరెంట్ క్లాక్‌సోర్స్ ఫైలు తెరిచి చూడండి. కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే ఏర్పాటు) మీద నడిచే గెస్ట్‌లో కేవీఎం-క్లాక్ అని ఉంటే చాలావరకు నిశ్చింతగా ఉండవచ్చు. కొత్త హోస్ట్ లెక్కలను గెస్ట్‌కు అందించే ఏర్పాటు అందులోనే ఉంది. టీఎస్‌సీ (ప్రాసెసర్‌లోనే ఉండే టిక్కుల లెక్క) అని ఉంటే మాత్రం రెండు హోస్ట్‌ల ప్రాసెసర్లలో టీఎస్‌సీ ఎంత వేగంతో నడుస్తుందో తప్పక పోల్చాలి. బూట్ అయినప్పుడు 2.5 గిగాహెర్ట్జ్ అని లెక్కగట్టుకున్న గెస్ట్, టీఎస్‌సీ స్కేలింగ్ (గెస్ట్‌కు పాత వేగమే కనిపించేలా ప్రాసెసర్ సర్దడం) లేని 2.6 గిగాహెర్ట్జ్ హోస్ట్ మీద అదే లెక్కతో నడిస్తే, దాని గడియారం గంటకు 144 సెకన్లు ముందుకు పోతుంది. లాగిన్లను ధ్రువీకరించే కెర్బరాస్ మామూలుగా ఒప్పుకునే తేడా 5 నిమిషాలే కనుక, రెండుంబావు గంటలు తిరక్కముందే లాగిన్లు తిరస్కరణకు గురవుతాయి. నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిచేసే ఎన్‌టీపీ ఉంది కదా అని ధీమా పడకండి: ఆ పని చేసే ప్రోగ్రాం ఎన్‌టీపీడీ నెమ్మదిగా సర్దగలిగేది 500 పీపీఎం (పది లక్షల్లో 500 వంతులు), అంటే గంటకు 1.8 సెకన్లు మాత్రమే. అంతకు మించిన తేడా వస్తే అది సమయాన్ని పదేపదే ఒక్కసారిగా వెనక్కు జరుపుతుంది.

ఆ ఫైలులో హెచ్‌పీఈటీ అని గాని ఏసీపీఐ-పీఎం అని గాని (ఇవి ప్రాసెసర్ టిక్కులకు బదులు వాడే వేరే టైమర్లు) కనిపిస్తే, టీఎస్‌సీ నిలకడగా లేదని కెర్నల్ దాన్ని ముందే పక్కన పెట్టిందేమో డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల లాగ్‌లో) వెతకండి. వీటిని చదివిన ప్రతిసారీ సాధారణంగా హైపర్‌వైజర్ (హోస్ట్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) దాకా వెళ్లి రావలసి ఉంటుంది కనుక, క్షణక్షణం సమయం అడిగే డేటాబేస్‌లు స్పష్టంగా మందగిస్తాయి.

గెస్ట్ సమయాన్ని సరిదిద్దే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. హైపర్‌వైజర్ టూల్స్, క్రోనీ (ఎన్‌టీపీడీ లాంటి మరో సమయ ప్రోగ్రాం) రెండూ కలిసి సర్దబోతే ఒకటి దిద్దినదాన్ని మరొకటి చెడగొడుతుంది. క్రోనీలో చాలాచోట్ల ఉండే మేక్‌స్టెప్ 1.0 3 అమరిక (తేడా ఒక సెకను దాటితే సమయాన్ని ఒక్కసారిగా సరిచేసేది) మొదటి మూడు అప్‌డేట్లకే వర్తిస్తుంది కనుక, స్నాప్‌షాట్ (ముందు భద్రపరచిన స్థితి) నుంచి లేపిన గెస్ట్ మీద మేక్‌స్టెప్ ఆదేశాన్ని మీరే ఇవ్వాలి. అయితే డేటాబేస్ సేవలను ప్రారంభించక ముందే ఇవ్వండి.

ముఖ్యం కాని ఒక్క గెస్ట్‌ను మొదట తరలించి, గంటసేపు క్రోనీ ట్రాకింగ్‌లో తేడా పెరుగుతోందో లేదో గమనించి, అది నిలకడగా ఉన్నాకే మిగిలినవాటిని కదిలించండి.